కిడ్నీలలో నీటి బుడగలు – కడుపు పడే ఇబ్బందులు

"రెండు ముద్దలు తింటే చాలు, మెడ దాకా నిండినట్టు ఉంటది." "ఎప్పుడు చూసినా కడుపు బిర్రుగనే ఉంటది." "రాత్రి పండుకుంటే పుల్ల తేన్పులు, గొంతులో మంట." కరణ్‌కోట, తాండూరు, యాలాల, బషీరాబాద్ వైపు నుంచి వచ్చే రోగులు ఇలా చెబుతుంటే, పక్కన కూర్చున్న ఇంటివాళ్లు సాధారణంగా ఒకే మాట అంటారు: "అది గ్యాసే. మందుల షాపులో గోళీ తెచ్చి వేస్తున్నాం."

చాలామంది విషయంలో ఆ మాట నిజమే. కానీ కిడ్నీలలో నీటి బుడగల వ్యాధి ఉన్న మనిషి ఈ మాట చెబితే దాన్ని ఒట్టి గ్యాస్ అని తీసిపారేయకూడదు. ఈ వ్యాధి గురించి చెప్పేటప్పుడు బి.పి., క్రియాటినిన్, డయాలసిస్ గురించి అందరూ చెబుతారు. కడుపు గురించి ఎవరూ చెప్పరు. రోజూ అన్నం ముందు కూర్చున్నప్పుడు రోగిని బాధపెట్టేది మాత్రం అదే. వండి పెట్టేవాళ్లు, మందులు ఇచ్చేవాళ్లు, రాత్రి లేచి చూసేవాళ్లు మీరే కాబట్టి ఈ వ్యాసం మీ కోసం రాస్తున్నాం.

అసలు ఈ వ్యాధి ఏమిటి?

దీనిని పాలిసిస్టిక్ కిడ్నీ డిసీజ్ అంటారు. చీటీలో పి.కె.డి. అనో, ఎ.డి.పి.కె.డి. అనో రాసి ఉంటుంది. రెండు కిడ్నీలలోనూ చిన్న చిన్న నీటి బుడగలు పుట్టి, ఏళ్లు గడిచేకొద్దీ సంఖ్యలోనూ పరిమాణంలోనూ పెరుగుతాయి. వీటినే సిస్టులు అంటారు. ఇది పుట్టుకతో వచ్చే జన్యు లోపం. ఎక్కువమందిలో లోపం ఉండే జన్యువును 1994లో, రెండవ దానిని 1996లో శాస్త్రవేత్తలు గుర్తించారు. తల్లికి గానీ తండ్రికి గానీ ఈ వ్యాధి ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగానికి సగం. ఆడపిల్లా మగపిల్లవాడా అనే తేడా లేదు. కొద్దిమందికి మాత్రం ఇంట్లో ఎవరికీ లేకుండానే కొత్తగా వస్తుంది.

ఇక్కడ రెండు పొరపాట్లు తరచుగా చూస్తాం. ఒకటి, దీనిని ఆడవాళ్ల అండాశయాలలో వచ్చే పి.సి.ఓ.డి. అనుకోవడం. పేర్లు దగ్గరగా ఉన్నాయే తప్ప రెండింటికీ సంబంధం లేదు. రెండవది, స్కానింగ్‌లో ఒక కిడ్నీలో ఒక బుడగ కనిపించగానే ఈ జబ్బే వచ్చిందని బెంబేలు పడటం. వయసు మీద పడినవారిలో ఒకటి రెండు మామూలు బుడగలు ఉండటం సాధారణమే. అవి వేరు, ఇది వేరు. ఆ తేడా డాక్టరే చెప్పాలి.

"మా ఊరి నీళ్లలో సున్నం ఎక్కువ, దానివల్ల వచ్చిందా? సిమెంటు దుమ్ము వల్లనా? బండల పాలిషింగ్ యూనిట్లో పనిచేసినందుకా?" అని అడిగేవాళ్లు ఉన్నారు. సున్నపురాయి మీద కట్టుకున్న ప్రాంతం మనది, ఆ అనుమానం రావడం సహజం. రాతి దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, ఆ మాట వేరు. కిడ్నీలలో ఈ బుడగలు మాత్రం నీళ్లవల్ల గానీ దుమ్మువల్ల గానీ రావు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి పేపర్లలో చదివి ఉంటారు, అదీ ఇదీ ఒకటి కాదు. అక్కడిది ఫలానా కారణం అని ఇంకా తేలని జబ్బు. దీనికి కారణం తెలుసు, అది వంశంలో ఉంది. ఒకరి నుంచి ఒకరికి అంటదు. ఎవరి దిష్టీ కాదు, ఎవరి పాపమూ కాదు.

కిడ్నీ జబ్బుకూ కడుపుకూ ఏమిటి సంబంధం?

మామూలు కిడ్నీ మన పిడికిలంత ఉంటుంది. పొడవు 10 నుంచి 12 సెంటీమీటర్లు, బరువు సుమారు 150 గ్రాములు. బుడగలు పెరిగిన కిడ్నీ 20, 25 సెంటీమీటర్లు దాటవచ్చు, ఒక్కొక్కటి కిలో, రెండు కిలోలు, కొందరిలో అంతకన్నా ఎక్కువ కూడా తూగుతుంది. అలాంటివి రెండు. పొట్టలో ఉన్న చోటు మాత్రం పెరగదు కదా. జీర్ణాశయం, పేగులు ఉన్నచోటే ఒదిగి ఉండాలి. జీర్ణాశయం సాగడానికి చోటు లేనప్పుడు రెండు ముద్దలకే నిండిపోతుంది. మనిషికి ఆకలి ఉంటుంది, తినడం మొదలు పెడతాడు, సగంలో చేయి కడుక్కుంటాడు. "వండింది నచ్చలేదా?" అని ఇల్లాలు నొచ్చుకుంటుంది. నచ్చకపోవడం కాదమ్మా, లోపల చోటు లేదు.

దీనికి తోడు కాలేయం. ఈ వ్యాధి ఉన్న పెద్దవాళ్లలో చాలామందికి వయసు గడిచేకొద్దీ కాలేయంలోనూ నీటి బుడగలు వస్తాయి. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో ఇవి పెద్దవిగా, ఎక్కువగా పెరుగుతాయి. ఆడవారి శరీరంలో ఉండే ఈస్ట్రోజన్ అనే హార్మోను దీనికి ఒక కారణం. అందుకే గర్భ నిరోధక మాత్రలు గానీ, నెలసరి ఆగిన తరువాత ఇచ్చే హార్మోను మాత్రలు గానీ వాడే ముందు ఈ జబ్బు సంగతి డాక్టరుకు చెప్పాలి. అయితే ఒక ఊరట ఉంది. బుడగలతో కాలేయం ఎంత పెద్దదైనా దాని పని సాధారణంగా చెడిపోదు. ఇది తాగుడు వల్ల వచ్చే కాలేయం జబ్బు లాంటిది కాదు. ఇబ్బంది అంతా దాని సైజుతోనే.

కొందరు ఆడవాళ్లకు పొట్ట ఎంత ముందుకు వస్తుందంటే, బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు "ఎన్నో నెల?" అని అడుగుతారు. పెళ్లిళ్లకు, ఫంక్షన్లకు వెళ్లడం మానేసినవాళ్లు ఉన్నారు. దీన్ని చిన్న విషయంగా తీసుకోకండి. బయటివాళ్ల నోరు మూయించలేము గానీ, ఇంట్లోవాళ్లు నవ్వులాటకైనా ఆ పొట్ట మీద మాట విసరకుండా ఉంటే సగం బాధ తగ్గుతుంది.

పొట్ట పెద్దదిగా ఉంది కాబట్టి మనిషి బాగా తింటున్నాడు, బలంగా ఉన్నాడు అనుకోవడం మరో ప్రమాదం. తూకం కూడా మోసం చేస్తుంది. బరువంతా బుడగల్లోని నీళ్లది, కండ లోలోపల కరిగిపోతూ ఉంటుంది. ఇంట్లోనే గమనించే గుర్తులు ఉన్నాయి. చేతి గాజులు వదులవుతాయి, జాకెట్టు చేతులు వదులవుతాయి, లంగా నాడా మాత్రం బిగుతవుతుంది. మగవాళ్లకైతే భుజాల దగ్గర చొక్కా వేలాడుతుంది, నడుం దగ్గర ప్యాంటు పట్టదు. ఇలా కనిపిస్తే, తూకం తగ్గకపోయినా సరే, తిండి చాలడం లేదని డాక్టరుకు చెప్పండి.

ఒత్తిడి వల్లనా, రక్తంలో మలినాల వల్లనా?

తినలేకపోవడానికి ఈ జబ్బులో రెండు వేర్వేరు కారణాలు ఉంటాయి. రెంటినీ విడదీసి చూడటం ముఖ్యం, ఎందుకంటే చేయవలసిన పని వేరు.

మొదటిది పైన చెప్పిన ఒత్తిడి. ఇందులో ఇబ్బంది తిన్న తరువాత వస్తుంది. కడుపు బరువు, ఆయాసం, తేన్పులు. ముందుకు వంగితే, పడుకుంటే ఎక్కువవుతుంది, లేచి నాలుగు అడుగులు వేస్తే కొంచెం తగ్గుతుంది. కిడ్నీల పనితనం ఇంకా బాగానే ఉన్నప్పుడు కూడా ఇది రావచ్చు.

రెండవది, కిడ్నీలు పని తగ్గించినప్పుడు రక్తంలో మలినాలు పేరుకోవడం. ఇందులో పొద్దున లేస్తూనే, ఖాళీ కడుపుతోనే వికారం ఉంటుంది. పళ్లు తోముకునేటప్పుడు ఓకరింతలు వస్తాయి. నోట్లో ఇనుము రుచి, నోటినుంచి మూత్రం లాంటి వాసన. మాంసం వాసన పడదు. ఎక్కిళ్లు, ఒంటి దురద, పగలే మగతగా ఉండటం దీనికి తోడవుతాయి. ఈ గుర్తులు కనిపిస్తే తిండి మార్పులతో కాలం గడపకుండా వెంటనే రక్త పరీక్ష చేయించి, కిడ్నీ డాక్టరును కలవాలి. డయాలసిస్ మొదలుపెట్టవలసిన సమయం దగ్గర పడిందని చెప్పే గుర్తులలో ఇవి కొన్ని. ఈ దశలో గ్యాస్ మాత్రలు వేస్తూ నెల రోజులు ఆగి, చివరికి ఊపిరి ఆడని స్థితిలో తీసుకువచ్చే కుటుంబాలు ఉన్నాయి. అంతదాకా తెచ్చుకోకండి.

మూడవది కూడా ఒకటుంది, మందులు. రక్తం పట్టడానికి ఇచ్చే ఐరన్ మాత్రలు, ఫాస్ఫరస్ తగ్గించడానికి భోజనంతో వేసుకునే మాత్రలు మలబద్ధకం చేస్తాయి, కొందరికి వికారం కూడా. అలాగని మీ అంతట మీరు ఆపేయవద్దు. డాక్టరుకు చెబితే మందు మారుస్తారు, లేదా వేళ మారుస్తారు.

తిండి ఎలా పెట్టాలి?

మన ఇళ్లలో మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి కడుపునిండా తినడం అలవాటు. ఈ రోగికి అది కుదరదు. అదే తిండిని 5, 6 భాగాలు చేసి, రెండున్నర మూడు గంటలకొకసారి కొంచెం కొంచెంగా పెట్టండి. మూడు జొన్నరొట్టెలు ఒకేసారి పెట్టి "తిను, తిను" అని బలవంతం చేసే బదులు, ఒక రొట్టె పదకొండు గంటలకు, ఇంకొకటి రెండు గంటలకు పెట్టండి. పెద్ద కంచంలో కాకుండా చిన్న పళ్లెంలో పెట్టండి. కంచం నిండా కనిపిస్తే చూడగానే సగం ఆకలి చచ్చిపోతుందని రోగులే చెబుతారు.

"జొన్నరొట్టె మానేయాలా?" అని మన వైపు ప్రతి ఇంటివాళ్లూ అడుగుతారు. మానక్కర లేదు. జొన్నలో పీచు ఉంటుంది, అది విరేచనం సాఫీగా కావడానికి మంచిది. కానీ ఆ పీచే కడుపును తొందరగా నింపుతుంది. కాబట్టి కడుపు బరువు ఎక్కువగా ఉన్న రోజుల్లో మెత్తగా వండిన అన్నం పెట్టండి, తేలికగా ఉన్న రోజుల్లో రొట్టెను పప్పులో నానబెట్టి మెత్తగా చేసి పెట్టండి. కిడ్నీల పని బాగా తగ్గి, రక్తంలో పొటాషియం, ఫాస్ఫరస్ పెరిగినవాళ్లకు మాత్రం జొన్న, సజ్జ వంటివాటికి కొలత ఉంటుంది, అది డాక్టరునో డైటీషియన్‌నో అడగాలి.

ఇక పప్పు. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిపప్పు మన ఇంటి పంట. కిడ్నీ జబ్బు అనగానే ఆ పప్పును పూర్తిగా బంద్ చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. అది సరైన పని కాదు. డయాలసిస్ అవసరం పడని దశలో మాంసకృత్తులు మితంగా తీసుకోవాలి, మానేయకూడదు. డయాలసిస్ మొదలైన తరువాత ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే డయాలసిస్‌లో కొంత బయటికి పోతుంది. అసలే రెండు ముద్దలు తినే మనిషికి ఆ రెండు ముద్దల్లో పప్పు, గుడ్డు తెల్లసొన, కొంచెం పెరుగు లేకపోతే కండ ఎక్కడినుంచి వస్తుంది? ఉన్న కొద్ది చోటులో బలమైన తిండి పడాలి. చారు నీళ్లతో, టీతో, బిస్కెట్లతో ఆ చోటు నింపేయకండి.

వేపుళ్లు, నూనెలో తేలే కూరలు కడుపులో ఎక్కువసేపు నిలుస్తాయి. గోలీ సోడా, కూల్‌డ్రింకులు తాగితే తేన్పు వచ్చి హాయిగా ఉన్నట్టు అనిపిస్తుంది గానీ, ఉన్న కొద్ది చోటు గాలితో నిండుతుంది. శనగపప్పు, క్యాబేజీ, చిక్కుడు వంటివి అందరికీ పడవని కాదు, ఎవరికి ఏది పడదో వాళ్లదే లెక్క. ఒక నోటు పుస్తకంలో రెండు వారాల పాటు ఏం తిన్నప్పుడు ఏం జరిగిందో రాసి చూడండి. ఊళ్లో పదిమంది చెప్పిన పత్యాలన్నీ పాటిస్తే చివరికి రోగికి తినడానికి ఏమీ మిగలదు.

ఉప్పు మాత్రం అందరికీ తగ్గించాలి. బి.పి. పెరిగితే కిడ్నీలు ఇంకా తొందరగా చెడతాయి. ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడాలు, బజారు మిక్చర్ – ఇవే ఉప్పు గనులు. ఉప్పు తగ్గించమంటే కొందరు బజారులో దొరికే తక్కువ సోడియం ఉప్పు కొంటున్నారు. అందులో సోడియం బదులు పొటాషియం కలుపుతారు. కిడ్నీలు బలహీనపడినవాళ్లకు అది ప్రమాదం. పొటాషియం ఎక్కువైతే గుండె ఆగిపోవచ్చు కూడా. అదే కారణంగా, పొటాషియం ఎక్కువగా ఉందని డాక్టరు చెప్పినవాళ్లకు "చలువ చేస్తుంది" అని కొబ్బరి నీళ్లు తాగించకండి, వాంతులైనప్పుడు కూడా. పుంటికూర, పాలకూర వంటి ఆకుకూరలను ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోసి వండితే పొటాషియం కొంత తగ్గుతుంది.

నీళ్ల విషయంలో ఒకరి మాట ఇంకొకరికి పనికిరాదు. కిడ్నీలు బాగా పనిచేస్తున్న దశలో ఈ వ్యాధి ఉన్నవారు నీళ్లు బాగా తాగడం మంచిదే. డయాలసిస్ మీద ఉండి మూత్రం తగ్గినవారికి మాత్రం కొలిచి ఇవ్వాలి. ఎవరికైనా సరే భోజనం మధ్యలో చెంబెడు నీళ్లు వద్దు. భోజనానికి అరగంట ముందో, గంట తరువాతో తాగితే తిండికి చోటు ఉంటుంది.

ఉపవాసాల గురించి కూడా చెప్పాలి. శ్రమల దినాల ఉపవాసం కానివ్వండి, రంజాన్ రోజా కానివ్వండి, శివరాత్రి కానివ్వండి, రోజంతా నీళ్లు లేకుండా ఉండి చీకటి పడ్డాక ఒకేసారి తినడం ఈ రోగులకు రెండు విధాల కష్టం. నీళ్లు తగ్గితే కిడ్నీలకు నష్టం, ఒకేసారి తింటే కడుపుకు నష్టం. డాక్టరును అడగకుండా ఉండకండి. జబ్బు మనిషికి ఏ మతంలోనైనా వెసులుబాటు ఉంది, పెద్దలను అడిగితే వాళ్లే చెబుతారు.

గుండెల్లో మంట, పుల్ల తేన్పులు

కింది నుంచి ఒత్తిడి పెరిగితే కడుపులోని ఆమ్లం పైకి తన్నుతుంది. తిన్న వెంటనే నడుం వాల్చకూడదు. రాత్రి భోజనం 7 గంటలకల్లా ముగించి, కనీసం రెండు మూడు గంటలు ఆగి పడుకోవాలి. తలకింద నాలుగు దిండ్లు పెడితే మెడ వంగుతుంది, పొట్ట ఇంకా నొక్కుకుంటుంది. దానికన్నా మంచం తలవైపు కోళ్ల కింద అరడుగు ఎత్తు పెట్టండి. మన ఊళ్లలో బండ ముక్కలకు కరువు లేదు. రెండు కోళ్లకూ సమానంగా, కదలకుండా, జారకుండా పెడితే చాలు. లంగా నాడా, బెల్టు, మొలతాడు బిగించి కట్టవద్దు. వదులు నైటీ, ఎలాస్టిక్ ఉన్న పైజామా మేలు.

మందుల దగ్గర మాత్రం చాలా జాగ్రత్త కావాలి. తినే సోడా నీళ్లలో కలిపి తాగడం, నీళ్లలో వేస్తే బుసబుస పొంగే పొడులు తాగడం మనకు అలవాటు. వాటిలో ఉన్నది సోడియం, అంటే ఉప్పు తిన్నట్టే. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గులాబీ రంగు, తెల్ల రంగు సిరప్పులు కిడ్నీలు చెడినవారిలో ఒంట్లోనే పేరుకుపోతాయి. ఆమ్లం తగ్గించే మాత్రలు పనిచేస్తాయి గానీ, వాటిని కూడా డాక్టరు చెప్పినన్ని రోజులే వాడాలి, ఏళ్ల తరబడి షాపునుంచి తెచ్చుకుంటూ పోకూడదు.

అన్నిటికన్నా చెడ్డది నొప్పి గోళీలు. నడుం నొప్పి, కడుపు నొప్పి అనగానే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి వేస్తారు. అవి ఒకేసారి కిడ్నీనీ జీర్ణాశయాన్నీ దెబ్బతీస్తాయి. నొప్పికి ఏది వాడవచ్చో డాక్టరుతో కాగితం మీద రాయించుకుని మందుల డబ్బాలోనే పెట్టుకోండి. కిడ్నీ బుడగలు కరిగిస్తామని చెప్పే పసరు మందులు, భస్మాల జోలికి పోకండి. బుడగలను కరిగించే మందు ఇప్పటికీ ఏ వైద్యంలోనూ లేదు. టోల్వాప్టాన్ అనే మందు కొందరిలో బుడగల పెరుగుదలను నెమ్మదింపజేస్తుంది, 2018లో అమెరికాలో ఈ వ్యాధికి దానిని అనుమతించారు. అది కూడా కిడ్నీ డాక్టరు పర్యవేక్షణలో, కాలేయ పరీక్షలు చేయించుకుంటూ వాడవలసినది, అందరికీ ఇచ్చేది కాదు.

మలబద్ధకం

పేగులు నొక్కుకుపోవడం, తిండి తగ్గడం, నీళ్లకు కొలత, మాత్రలు – అన్నీ కలిసి విరేచనం కష్టమవుతుంది. పొట్ట పెద్దదైనవాళ్లు నేలబారు లెట్రిన్‌లో కూర్చోవడమే కష్టం. కుర్చీలా ఉండే కమోడ్ కొని పైన పెట్టుకుంటే ఎంతో సుఖం. ముక్కడం మంచిది కాదు, హెర్నియాకు దారి తీస్తుంది. రోజూ భోజనం తరువాత మెల్లగా పది పదిహేను నిమిషాలు నడిపించండి. ఇసబ్‌గోల్ పొట్టు మంచిదే గానీ దానికి సరిపడా నీళ్లు తాగాలి. నీళ్లకు కొలత ఉన్నవాళ్లు తాగలేరు, అప్పుడు అదే లోపల గట్టిపడుతుంది. అలాంటివారికి లాక్టులోజ్ వంటి సిరప్ డాక్టరు రాసిస్తారు. మెగ్నీషియం ఉన్న విరేచనాల మందులు, ఫాస్ఫేట్ ఎనిమాలు వద్దు. పొట్ట ద్వారా డయాలసిస్ చేసుకునేవారిలో మలబద్ధకం ఉంటే లోపలికి పంపిన నీళ్లు సరిగా బయటికి రావు, కాబట్టి వాళ్లు మరీ అశ్రద్ధ చేయకూడదు.

బొడ్డు దగ్గర ఉబ్బు

ఈ వ్యాధిలో పొట్ట గోడ మీద ఎప్పుడూ ఒత్తిడి ఉంటుంది కాబట్టి బొడ్డు దగ్గర, గజ్జల్లో హెర్నియాలు ఎక్కువగా వస్తాయి. దగ్గినప్పుడు పొంగి, పడుకుంటే లోపలికి పోయే ఉబ్బు కనిపిస్తే సర్జన్‌కు చూపించండి. బండలు మోసే పని, బస్తాలు ఎత్తే పని చేసే మనిషి అయితే పని మార్చుకోవలసి వస్తుంది. ఇంటి ఆదాయం పోతుందని రోగి చెప్పకుండా దాచిపెట్టే విషయం ఇది. మీరే అడిగి తెలుసుకోండి. పొట్టకు, నడుముకు దెబ్బ తగిలే పనులూ మంచివి కావు, బుడగ పగిలి లోపల రక్తం కారవచ్చు.

ఎప్పుడు వెంటనే రావాలి?

హెర్నియా ఉబ్బు గట్టిపడి, నొప్పి పెట్టి, లోపలికి పోకపోతే ఆ రాత్రే బయలుదేరాలి. పేగు అందులో ఇరుక్కుని ఉండవచ్చు. చలి జ్వరంతో నడుములో గానీ కుడి డొక్కలో గానీ నొప్పి వస్తే బుడగలో చీము పట్టిందేమో చూడాలి. దీనికి యాంటీబయాటిక్ మందులు వారాల తరబడి వాడవలసి ఉంటుంది, జ్వరం తగ్గగానే మధ్యలో ఆపేస్తే మళ్లీ వస్తుంది. ఆగని వాంతులు, రక్తపు వాంతి, కళ్లు పచ్చబడటం, మూత్రంలో రక్తం – ఇవన్నీ ఆసుపత్రికి తీసుకురావలసినవే. విరేచనం నల్లగా వస్తే, ఐరన్ మాత్రలవల్ల కూడా అలా వస్తుంది గానీ, తారులా జిగటగా, దుర్వాసనతో ఉంటే అది రక్తం కావచ్చు. ఇంకొకటి కడుపుకు సంబంధం లేనిదైనా చెప్పి తీరాలి: ఎన్నడూ లేనంత తీవ్రమైన తలనొప్పి ఒక్కసారిగా వస్తే ఆలస్యం చేయవద్దు. ఈ వ్యాధి ఉన్న కొందరికి మెదడు రక్తనాళంలో బుడిపె ఉండి పగిలే ప్రమాదం ఉంది.

ఏ జాగ్రత్తలూ చాలనప్పుడు

కాలేయంలో ఒకటి రెండు పెద్ద బుడగలే ఎక్కువ నొక్కుతుంటే, స్కానింగ్ చూస్తూ సూదితో నీరు తీసి, మళ్లీ నిండకుండా లోపల మందు వేస్తారు. లాప్రోస్కోపీతో బుడగల పైకప్పు తీసివేసే ఆపరేషన్ ఉంది. చిన్న బుడగలు వందల్లో ఉంటే ఇవి అంతగా పనికిరావు. కాలేయం సైజును కొంత తగ్గించే ఇంజెక్షన్లు ఉన్నాయి, ఖర్చు ఎక్కువ. మరీ తినలేని స్థితికి వచ్చిన కొద్దిమందికి కాలేయంలో కొంత భాగం తీసివేయడం, లేదా కాలేయ మార్పిడి చేస్తారు. కిడ్నీ మరీ పెద్దదై కొత్త కిడ్నీకి చోటు లేకపోతే, లేక మాటిమాటికీ చీము పడుతుంటే పాత కిడ్నీ తీసివేస్తారు. మామూలుగా అయితే పాతవాటిని అలాగే ఉంచి కొత్తది పెడతారు. ఇవన్నీ పెద్ద ఆసుపత్రిలో, రోగి ఎంత ఇబ్బంది పడుతున్నాడో చూసి తీసుకునే నిర్ణయాలు. ఎంత తింటున్నాడు, ఎంత నిద్రపోతున్నాడు అనే లెక్క మీ నోటు పుస్తకంలో ఉంటే డాక్టరుకు ఆ నిర్ణయం తేలికవుతుంది.

ఖర్చు మాటకొస్తే, డయాలసిస్ 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకంలో ఉంది. హైదరాబాద్ నిమ్స్, ఉస్మానియా ఆసుపత్రులలో కిడ్నీ విభాగాలు ఉన్నాయి. మరణించిన దాతల అవయవాల కోసం 2013లో ప్రారంభమైన జీవన్‌దాన్‌లో, ఆసుపత్రి ద్వారా పేరు నమోదు చేయించుకోవచ్చు. వంతు రావడానికి ఏళ్లు పట్టవచ్చు కాబట్టి ఎప్పుడు నమోదు చేయించాలో కిడ్నీ డాక్టరును ముందే అడగండి.

ఇంట్లో మిగిలినవాళ్ల సంగతి

ఇది మాట్లాడటానికి ఎవరికీ ఇష్టం ఉండదు. "పిల్లకు పరీక్ష చేయిస్తే పెళ్లి ఎలా అవుతుంది?" అంటారు. ఆ భయం మాకు అర్థమవుతుంది. కానీ పరీక్ష చేయించనంత మాత్రాన జబ్బు పోదు. తెలియకుండా ఉంటే జరిగేది ఏమిటంటే, పదేళ్లు బి.పి. చూసుకోకుండా, నడుం నొప్పికి గోళీలు మింగుతూ, కిడ్నీలు పాడయ్యాక తెలుస్తుంది. ఈ వ్యాధి ఉన్నవారిలో సుమారు సగం మందికి 60 ఏళ్లు వచ్చేసరికి డయాలసిస్ గానీ మార్పిడి గానీ అవసరమవుతుంది. మిగతావారికి ఇంకా ఆలస్యంగా, కొందరికి ఎన్నటికీ అవసరం పడకపోవచ్చు. బి.పి. అదుపులో ఉంచుకుంటే ఆ రోజును వెనక్కి నెట్టవచ్చు. కాబట్టి పిల్లలకు చిన్నప్పటినుంచే ఏడాదికొకసారి బి.పి. చూపించండి. పెద్దయ్యాక స్కానింగ్ చేయించుకోవాలా వద్దా అన్నది, ఫలితం వల్ల ఏమవుతుందో విని, వాళ్లే నిర్ణయించుకోవాలి. వయసు 30 లోపు ఉంటే స్కానింగ్‌లో ఏమీ కనిపించకపోయినా జబ్బు లేదని గట్టిగా చెప్పలేం. 40 దాటాక బుడగలు లేకపోతే ధైర్యంగా ఉండవచ్చు.

అన్నకు కిడ్నీ ఇస్తానని తమ్ముడు ముందుకు వస్తాడు. కొడుక్కి ప్రాణం పెట్టే తల్లి వస్తుంది. ఆ ప్రేమను ఎవరూ కాదనరు. కానీ ఈ వ్యాధిలో, రక్త సంబంధీకులు కిడ్నీ ఇచ్చే ముందు వాళ్లకు ఈ వ్యాధి లేదని తేలాలి. వయసు తక్కువైతే మామూలు స్కానింగ్ చాలదు, ఎం.ఆర్.ఐ., అవసరమైతే జన్యు పరీక్ష కూడా చేస్తారు. ఇవ్వలేని తమ్ముడిని ఊళ్లో ఎవరైనా "వెనక్కి తగ్గాడు" అంటే, సంగతి ఇదీ అని ఇంటి పెద్దలే చెప్పాలి. భార్య, భర్త రక్త సంబంధీకులు కారు కాబట్టి, మేనరికం కాకపోతే వాళ్ల విషయంలో ఈ అనుమానం ఉండదు. మేనరికం అయితే వాళ్లకూ ఈ పరీక్షలన్నీ జరగాలి.

ఆసుపత్రికి వచ్చేటప్పుడు పాత స్కానింగ్ రిపోర్టులన్నీ తేదీల వరుసలో తీసుకురండి, కిడ్నీ ఎంత పెరిగిందో వాటిని పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది. మందుల చీటీ ఒక్కటే కాకుండా ఇంట్లో వాడుతున్న గోళీల పట్టీలు, సిరప్పు సీసాలు, ఎవరైనా ఇచ్చిన పొడులు సహా ఒక సంచిలో వేసుకుని రండి. అమ్మవైపు, నాన్నవైపు ఎవరెవరికి కిడ్నీ జబ్బు, డయాలసిస్, చిన్న వయసులో పక్షవాతం ఉండేవో పెద్దవాళ్లను అడిగి ఆ నోటు పుస్తకం చివరి పేజీలో రాసి పెట్టండి.